మానుకోవడమా? మాన్పడమా? – ధూమపాన విరమణలో మెదడు ప్రేరణ చికిత్స: తెలుగు పదజాల విమర్శ

వ్యాససంగ్రహం:

పొగతాగే అలవాటు నుంచి బయటపడడానికి, తలకు కోత పెట్టకుండా వెలుపలి నుంచే మెదడును ప్రేరేపించే చికిత్సలు ఇటీవలి వైద్యపరిశోధనలో ప్రాధాన్యం పొందాయి. ఈ చికిత్సల గుణదోష నిర్ణయం వైద్యుల పని. అవి తెలుగులోకి వచ్చేటప్పుడు ఏ మాటలతో వస్తున్నాయి, ఆ మాటలు రోగికి ఏ బాధ్యతను అంటగడుతున్నాయి, ఏ ఆశను కల్పిస్తున్నాయి అన్నది మాత్రం భాషాసాహిత్య విమర్శకు చెందిన విషయం. 'మాను' అనే క్రియ, దాని రూపాలైన 'మానుకొను', 'మాన్పు'. 'ఉద్దీపన', 'ఉత్తేజం', 'ప్రేరణ' అనే పారిభాషిక పదాలు. 'కన్యాశుల్కం'లోని చుట్ట ప్రస్తావన. ఉత్తరాంధ్ర అడ్డపొగ ఆచారం – వీటి ఆధారంగా ఆ చర్చ చేయడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: ధూమపానం, మెదడు ప్రేరణ, పారిభాషిక పదాలు, ప్రేరణార్థకం, వ్యసనం, కన్యాశుల్కం, అడ్డపొగ.

1. ఉపోద్ఘాతం:

కొంతకాలం కిందట ఒక వైద్యశాల వారు తమ అధ్యయనంలో పాల్గొనేవారికిచ్చే సమ్మతిపత్రం తెలుగు అనువాదాన్ని పరిశీలించమని ఈ వ్యాసరచయితను కోరారు. పొగతాగేవారి తలపై అయస్కాంత తీగచుట్టను ఉంచి చేసే చికిత్సకు సంబంధించిన పత్రమది. అందులో ఒక వాక్యం "ఈ చికిత్స మీ పొగతాగే అలవాటును మాన్పిస్తుంది" అని ఉంది. మూలంలో ఉన్నది మాన్పించడం కాదు, మానడానికి సాయపడవచ్చునన్న సంభావన మాత్రమే. దిద్దిన ప్రతిని చదివి వినిపిస్తున్నప్పుడు, ముప్పై ఏళ్లుగా సిగరెట్లు కాలుస్తున్న ఒక పెద్దాయన అడిగిన ప్రశ్న ఈ వ్యాసానికి మూలం: "ఇన్నాళ్లూ మానుకోలేకపోయింది నా చేతగానితనమే అన్నారండీ అందరూ. ఇప్పుడు ఈ యంత్రం కూడా మాన్పలేకపోతే, అది కూడా నా తప్పేనా మాస్టారూ?"

ఆ ప్రశ్నలో రెండు క్రియలున్నాయి. మొదటిది 'మానుకొను', రెండవది 'మాన్పు'. ఒకదానిలో కర్త రోగి, మరొకదానిలో కర్త యంత్రం. వైఫల్యం మాత్రం రెండింటిలోనూ రోగి ఖాతాకే చేరుతోంది. కేవలం ఒక అనువాద దోషం వల్ల ఇలా జరగలేదు. పొగతాగడాన్ని గురించి మనం మాట్లాడే తీరులోనే దీని మూలాలున్నాయి. వాటిని వెలికితీయడానికి ముందుగా మన వాడుకను, ఆపైన చికిత్సను, చివరగా ఆ రెండూ కలిసే చోటును పరిశీలించాలి.

2. తాగడం, కాల్చడం, పీకడం – వాడుకలోని పొగ:

తెలుగువాడు పొగను 'తాగుతాడు'. చుట్టను, బీడీని, సిగరెట్టును 'కాలుస్తాడు'. ఒకే పనికి రెండు క్రియలు ఎందుకు ఏర్పడ్డాయో గమనించాలి. 'కాల్చు' అన్నప్పుడు దృష్టి చేతిలోని వస్తువు మీద ఉంటుంది. 'తాగు' అన్నప్పుడు దృష్టి దేహం మీదికి, లోపలికి పోయేదాని మీదికి మళ్లుతుంది. నీటికీ, కల్లుకూ వాడే క్రియనే పొగకు వాడడంలో, అది దాహం లాంటి అవసరాన్ని తీరుస్తుందన్న భావన ఇమిడి ఉంది.

ఆ అవసరం తలెత్తినప్పుడు తెలుగువారు చెప్పే మాట ఇంకా విశేషమైనది. "నాలుక పీకుతోంది", "నోరు పీకేస్తోంది" అంటారు. ఇక్కడ మనిషి కర్త కాడు. పీకేది నాలుక, అనుభవించేది మనిషి. "తాగాలనిపిస్తోంది" అన్నా అంతే. "నాకు" అని చతుర్థీ విభక్తిలో చెప్పుకుంటాం. తెలుగులో ఆకలి, నిద్ర, కోపం, జ్వరం ఇలాగే మనిషికి 'వస్తాయి'. కోరికను మనం చేసే పనిగా కాక, మనకు సంభవించే స్థితిగా మన వాక్యనిర్మాణం ఏనాడో గుర్తించింది.

దీనికి విరుద్ధంగా, పొగ మానడం దగ్గరికి వచ్చేసరికి వాక్యం మారిపోతుంది. "పట్టుదల ఉంటే మానుకోవచ్చు", "మనసుంటే మార్గముంటుంది" అంటాం. 'కొను' అనే అనుప్రయుక్త క్రియ చేరి, కర్త తన కోసం తానే చేసుకునే పనిగా దాన్ని మారుస్తుంది. అంటే కోరిక వచ్చినప్పుడు మనిషి అనుభోక్త, దాన్ని వదలవలసినప్పుడు మాత్రం సంపూర్ణ కర్త. ఈ అసమతౌల్యం వ్యాకరణానిది మాత్రమే కాదు, సమాజానిది కూడా.

'వ్యసనం' అనే సంస్కృత పదం చరిత్ర కూడా ఇక్కడ స్మరణీయం. జూదం, పానం, వేట మొదలైన సప్తవ్యసనాల పట్టికలో పొగాకు లేదు. అమెరికా ఖండాల నుంచి ఐరోపా నావికుల ద్వారా వచ్చిన మొక్క ఆ ప్రాచీన పట్టికలో ఉండే అవకాశమూ లేదు. అయినా ఆ పదం నిందాగర్భితమైన తన అర్థాన్ని పొగాకుకు సునాయాసంగా అప్పగించింది. కానీ అదే పదానికి ఆపద, దుఃఖం అనే అర్థాలూ ఉన్నాయి. ప్రాచీన కావ్యభాషలో 'వ్యసనపడు' అంటే దుఃఖించడం. కాలక్రమంలో దుఃఖార్థం వెనుకబడి, దోషార్థం ముందుకు వచ్చింది. పొగ మానలేనివాడిని చూసినప్పుడు మనకు ముందు తోచేది అతని దోషం, అతని దుఃఖం కాదు.

3. చికిత్స స్వరూపం:

తల వెలుపలి నుంచి చేసే మెదడు ప్రేరణ పద్ధతుల్లో రెండు ప్రధానమైనవి. మొదటిది అయస్కాంత పద్ధతి. తలకు ఆనించి ఉంచిన తీగచుట్టలో విద్యుత్ ప్రవాహం వేగంగా మారినప్పుడు అయస్కాంత క్షేత్రం పుట్టి, కపాలాన్ని దాటి, మెదడులోని నాడీకణాల్లో స్వల్ప విద్యుత్తును కలిగిస్తుంది. 1831లో మైకేల్ ఫారడే కనుగొన్న సూత్రమే దీనికి ఆధారం. 1985లో ఇంగ్లండులోని షెఫీల్డులో ఆంథొనీ బార్కర్ బృందం ఈ పద్ధతిని మానవ మెదడుపై ప్రదర్శించింది. రెండవది, తలచర్మంపై ఉంచిన ఎలక్ట్రోడుల ద్వారా సాధారణంగా 1 నుంచి 2 మిల్లీఆంపియర్ల బలహీన విద్యుత్తును పంపే పద్ధతి. ఈ రెండింటిలోనూ మత్తుమందు ఇవ్వరు, కోత ఉండదు.

పొగకూ మెదడుకూ ఉన్న సంబంధాన్ని కొత్త వెలుగులో చూపినది 2007లో 'సైన్స్' పత్రికలో నాసిర్ నక్వీ, ఆంటోయిన్ బెషారా తదితరులు ప్రకటించిన పత్రం. పక్షవాతం మొదలైన కారణాలతో మెదడు దెబ్బతిన్న 69 మంది పొగతాగేవారిని వారు పరిశీలించారు. వారిలో 19 మందికి 'ఇన్సులా' అనే భాగం దెబ్బతింది. ఆ 19 మందిలో 13 మంది పొగ మానారు. ఆ 13 మందిలో 12 మంది ఏ ప్రయాసా లేకుండా, మళ్లీ కోరిక కలగకుండా మానగలిగారు. రోజుకు 40కి పైగా సిగరెట్లు కాల్చిన ఒక వ్యక్తి 28వ ఏట పక్షవాతానికి గురైన వెంటనే మానేశాడు. తన శరీరమే ఆ కోరికను మరచిపోయిందని అతను కారణం చెప్పుకున్నాడు.

ఇన్సులా మెదడు మడతల్లో మరుగుపడి ఉండే భాగం. గుండె కొట్టుకోవడం, ఆకలి, గొంతులో గరగర వంటి దేహాంతర్గత సంవేదనలను గ్రహించడంలో దానికి ముఖ్యపాత్ర ఉంది. లాటిన్ భాషలో ఆ మాటకు ద్వీపమని అర్థం. మన మాటలో చెప్పాలంటే 'లంక'. గోదావరి లంకల్లో పండిన లంకపొగాకుతో చుట్ట చుట్టుకున్న తెలుగువాడు తన తలలోనూ ఒక లంక ఉందని ఎరగడు. కానీ "నాలుక పీకుతోంది" అన్నప్పుడు అతను చెప్పినది ఆ లంకకు చేరుతున్న వార్తనే. కోరిక ఆలోచనగా కంటే ముందు దేహానుభూతిగా పుడుతుందన్న సంగతిని ఆ నుడికారం సూటిగా పట్టుకుంది.

మెదడు దెబ్బతినడం చికిత్స కాజాలదు. దెబ్బ తగలకుండా ఆ ప్రాంతాల పనితీరును మార్చవచ్చునా అన్నది తరువాతి ప్రశ్న. ఇన్సులానూ, మెదడు ముందుభాగపు పార్శ్వాలనూ చేరగల లోతైన అయస్కాంత ప్రేరణతో, 14 కేంద్రాల్లో 262 మందిపై జరిగిన పరీక్ష ఫలితాలను 2021లో అబ్రహాం జాంగెన్ తదితరులు 'వరల్డ్ సైకియాట్రీ' పత్రికలో ప్రచురించారు. వారంతా అంతకు ముందు కనీసం ఒకసారైనా మానడానికి ప్రయత్నించి విఫలమైనవారే. మూడు వారాలు ప్రతిదినం, తరువాత మూడు వారాలు వారానికొకసారి, మొత్తం 18 విడతలుగా ప్రేరణ ఇచ్చారు. 18వ వారం నాటికి వరుసగా నాలుగు వారాలు పొగ ముట్టకుండా ఉండగలిగినవారు అసలు ప్రేరణ పొందినవారిలో 19.4 శాతం, ఉత్తుత్తి ప్రేరణ పొందినవారిలో 8.7 శాతం. దీని ఆధారంగా అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ 2020 ఆగస్టులో, స్వల్పకాలిక ధూమపాన విరమణకు 'సాయంగా' ఈ పరికరాన్ని అనుమతించింది.

4. ఉద్దీపన, ఉత్తేజం, ప్రేరణ – ఏ పదం దేనికి?

ఈ చికిత్సకు తెలుగులో ఏ పేరు తగును? 'ఉద్దీపన', 'ఉత్తేజనం', 'ప్రేరణ' అనే మూడింటినీ పర్యాయపదాలుగా వాడే అలవాటు ఉంది. ఈ సందర్భంలో మూడింటికీ మూడు వేర్వేరు పనులున్నాయని, వాటిని కలగాపులగం చేస్తే విషయమే తారుమారవుతుందని ఈ వ్యాసం వాదన.

4.1 ఉత్తేజం: నికోటిన్ ఉత్తేజకారి. "ఒక దమ్ము లాగితే గాని పని సాగదు" అనే మాటలోని అనుభవం అదే. చికిత్సను కూడా 'ఉత్తేజనం' అంటే, ఒక ఉత్తేజాన్ని మాన్పడానికి మరొక ఉత్తేజమని రోగికి స్ఫురిస్తుంది. అంతకంటే ముఖ్యమైన శాస్త్రకారణం మరొకటి ఉంది. అయస్కాంత స్పందనలను సెకనుకు ఒకటి చొప్పున ఇచ్చినప్పుడు ఆ ప్రాంతపు నాడీకణాల చురుకుదనం సాధారణంగా తగ్గుతుంది. సెకనుకు పది చొప్పున ఇచ్చినప్పుడు సాధారణంగా పెరుగుతుంది. అణచే ప్రక్రియను సైతం ఉత్తేజనమనడం సరికాదు.

4.2 ఉద్దీపన: ఈ పదం అలంకారశాస్త్రం నుంచి వచ్చినది. రసనిష్పత్తికి కారణాలైన విభావాల్లో వెన్నెల, మలయానిలం, ఉద్యానం వంటివి ఉద్దీపన విభావాలు. స్థాయీభావం సహృదయునిలో వాసనారూపంగా ముందే ఉంటుంది. ఉద్దీపనం దానిని మేల్కొలుపుతుంది. పొగతాగేవాడి విషయంలో ఈ నమూనా ఆశ్చర్యం కలిగించేంత సరిగ్గా అమరుతుంది. టీ కప్పు, భోజనానంతరపు తీరిక, పక్కవాడి అగ్గిపెట్టె చప్పుడు – ఇవన్నీ ఉద్దీపన విభావాలే. అవి కొత్త కోరికను పుట్టించవు. లోపల సంస్కారంగా నిలిచిన కోరికను లేపుతాయి. ఆ సంస్కారానికి మన శాస్త్రకారులు పెట్టిన పేరు 'వాసన' కావడం, పొగ విషయంలో ఆ పదం లౌకికార్థంలో కూడా వర్తించడం గమనార్హం.

పైన పేర్కొన్న 2021 నాటి పరీక్షలో ప్రతి విడతలోనూ ప్రేరణకు ముందు పొగను గుర్తుచేసే దృశ్యాల ద్వారా, ఊహల ద్వారా పాల్గొన్నవారిలో కోరికను ఉద్దేశపూర్వకంగా రేకెత్తించారు. ఆ తరువాతనే ప్రేరణ ఇచ్చారు. నిద్రాణంగా ఉన్న నాడీమార్గం కంటే, మేల్కొన్న మార్గం మార్పుకు అనువుగా ఉంటుందన్నది దాని వెనుక ఉన్న ఆలోచన. అంటే చికిత్సలో ఉద్దీపన వేరు, ప్రేరణ వేరు. మొదటిది కోరికను లేపేది, రెండవది ఆ లేచిన కోరిక మార్గాన్ని మార్చజూసేది. రెండింటికీ ఒకే పదం వాడితే ఈ క్రమాన్ని తెలుగులో చెప్పడమే సాధ్యం కాదు. మనోవిజ్ఞాన పాఠ్యగ్రంథాల్లోనూ బయటి నుంచి ఇంద్రియాలకు తగిలే దానికే 'ఉద్దీపన' అనే పదం స్థిరపడింది కనుక దానిని అక్కడే ఉంచడం ఉచితం.

4.3 ప్రేరణ: ఈ పదానికి మూడు రంగాల్లో మూడు అర్థాలున్నాయి. భౌతికశాస్త్రంలో 'విద్యుదయస్కాంత ప్రేరణ' పాఠశాల స్థాయి నుంచి తెలిసిన పదం. ఈ చికిత్స యంత్రం పనిచేసేది అచ్చంగా ఆ సూత్రం మీదనే. వ్యాకరణంలో 'ప్రేరణార్థకం' అంటే ఒకరు మరొకరిచేత పని చేయించడాన్ని చెప్పే క్రియారూపం. లోకవ్యవహారంలో ప్రేరణ అంటే మనసుకు కలిగే ప్రోత్సాహం. ఆ పరీక్షలో ప్రతి విడతకూ క్లుప్తమైన ప్రోత్సాహక సంభాషణను కూడా జతచేశారు. కనుక మూడర్థాల్లోనూ ప్రేరణ అక్కడ ఉన్నట్లే. చికిత్సకు 'మెదడు ప్రేరణ' అనే పేరే సార్థకం.

4.4 'కోత లేని' అనే విశేషణం: శస్త్రరహితం, అనాక్రమణం వంటి సమాసాల కంటే 'కోత లేని' అన్నది రోగికి వెంటనే తెలుస్తుంది. అయితే కోత లేదన్నంత మాత్రాన లోపలికి ఏమీ పోవడం లేదని కాదు. అయస్కాంత క్షేత్రం కపాలాన్ని దాటే పోతుంది. దాటకపోతే చికిత్సే లేదు. తలనొప్పి, తలచర్మంపై నొప్పి కలగవచ్చు. అరుదుగా మూర్ఛ రావచ్చు. తలలో లోహపు పరికరాలున్నవారికి ఇది తగదు. 'కోత లేని' అనే మాటను 'ప్రమాదం లేని' అనే మాటకు మారుగా వాడడం అనువాద దోషం మాత్రమే కాదు, నైతిక దోషం కూడా.

5. మాను, మానుకొను, మాన్పు:

ఇక అసలు క్రియ దగ్గరికి వద్దాం. తెలుగులో 'మాను' అనే ఒకే రూపానికి రెండర్థాలున్నాయి. "చుట్ట మానాడు" అన్నప్పుడు విడిచిపెట్టడం. "గాయం మానింది" అన్నప్పుడు నయం కావడం. మొదటిది సకర్మకం, రెండవది అకర్మకం. ఒకదానిలో మనిషి సంకల్పం ఉంది. మరొకదానిలో దేహం తన పని తాను చేసుకుపోయే నెమ్మది ఉంది. పుండు పట్టుదలతో మానదు. మందు పెడతాం, గుడ్డ కడతాం, గోకకుండా ఉంటాం, అది మానుతుంది.

పొగ అలవాటు ఈ రెండర్థాల్లో దేనికి చెందుతుందన్నదే సుమారు వందేళ్లుగా వైద్యమూ నీతిశాస్త్రమూ పడుతున్న వాదం. అది సంకల్పలోపమా, మెదడు వ్యాధా? తెలుగు క్రియ ఆ వాదాన్ని తీర్చదు కానీ, రెండు పక్షాలనూ ఒకే పదంలో నిలిపి ఉంచుతుంది. ఇన్సులా దెబ్బతిన్నవాడి విషయంలో "అతను మానుకున్నాడు" అనలేం. "అతనికి మానింది" అనడమే న్యాయం. ఎన్నోసార్లు ఓడి, చివరకు పొగాకు ముట్టకుండా నిలిచినవాడిని గురించి "మానుకున్నాడు" అనకపోతే అతని శ్రమకు అన్యాయం. మెదడు ప్రేరణ పొంది మానినవాడి సంగతి? అతను 18 విడతలు వచ్చి కూర్చున్నాడు, రేకెత్తించిన కోరికను భరించాడు, ఇంటికి వెళ్లాక దుకాణం దాటి నడిచాడు. అక్కడ మానడమూ ఉంది, మానుకోవడమూ ఉంది.

'మాన్పు' అన్న ప్రేరణార్థకంలో మాత్రం ఈ సమతౌల్యం చెడుతుంది. ప్రేరణార్థకంలో ప్రేరేపించేవాడు ప్రధానకర్త; పని చేసేవాడు గౌణుడవుతాడు. "యంత్రం మాన్పిస్తుంది" అన్న వాక్యంలో రోగికి మిగిలే స్థానం అదే. మాన్పగలిగితే ఘనత యంత్రానిది. మాన్పలేకపోతే? యంత్రం శాస్త్రీయమైనది కనుక లోపం రోగిదే అయి ఉండాలన్న నిర్ణయానికి శ్రోత తనంతట తానే వస్తాడు. ఉపోద్ఘాతంలోని పెద్దాయన ప్రశ్న ఈ వ్యాకరణం నుంచే పుట్టింది.

ఆ ప్రశ్నకు సంఖ్యలిచ్చే సమాధానం స్పష్టం. అసలు ప్రేరణ పొందిన నూరుమందిలో మానగలిగినది సుమారు 19 మంది. మానలేకపోయినది సుమారు 81 మంది. ఆ 81 మందిలో ఒకడు కావడం ఎవరి తప్పూ కాదు. అది ఆ చికిత్స పరిమితి. అదే సమయంలో, ఉత్తుత్తి ప్రేరణ పొందినవారిలో మానగలిగిన 9 మందితో పోలిస్తే, 19 అనే సంఖ్య రెట్టింపుకు పైబడినదే. ఎన్నోసార్లు ఓడినవారి విషయంలో అది చిన్న లాభం కాదు. ఈ రెండు నిజాలనూ కలిపి చెప్పగల క్రియ 'మాన్పించు' కాదు, 'సాయపడు'. నియంత్రణ సంస్థ అనుమతిలో ఉన్నదీ ఆ మాటే. తెలుగులోకి వచ్చేటప్పుడు జారిపోయే మాటా అదే.

6. గిరీశం తర్కం – శాస్త్రప్రతిష్ఠతో వాదన:

పొగను గురించి తెలుగు సాహిత్యంలో అత్యంత ప్రసిద్ధమైన వాదన గురజాడ అప్పారావు 'కన్యాశుల్కం'లో గిరీశానిది. 1892లో మొదట ప్రదర్శితమై, 1897లో ముద్రితమై, 1909లో సమగ్రంగా పునర్లిఖితమైన ఈ నాటకంలో గిరీశం తన శిష్యుడు వెంకటేశానికి చుట్ట మహిమను రెండు ఆధారాలతో బోధిస్తాడు. ఒకటి పురాణప్రమాణం: గరుత్మంతుడు తెచ్చిన అమృతం నుంచి పొగమొక్క పుట్టిందని చెప్పే చాటువు. రెండవది శాస్త్రప్రమాణం: తెల్లవారు గొప్పవారైందీ, ఆవిరియంత్రం వంటివి కనిపెట్టిందీ చుట్ట బలంతోనే అన్న వాదన. గురువుగారి వద్ద తనకు అబ్బిన విద్య చుట్ట కాల్చడమొక్కటేనని వెంకటేశం వాపోతాడు.

ఈ సన్నివేశాన్ని సాధారణంగా హాస్యంగా చదువుతాం. వాదనా నిర్మాణంగా చదివితే దానిలో మరొక విమర్శ కనిపిస్తుంది. గిరీశం చుట్టను గురించి ఒక్క పరిశీలన కూడా చెప్పడు. అతను చెప్పేదంతా చుట్ట పక్కన నిలబెట్టిన ప్రతిష్ఠలను గురించే. పురాణానికున్న గౌరవాన్ని, యంత్రానికున్న గౌరవాన్ని అరువు తెచ్చి చుట్టకు తొడుగుతాడు. గురజాడ వెక్కిరించినది పొగాకును కాదు, ఈ అరువు పద్ధతిని. ఆవిరియంత్రం స్థానంలో అయస్కాంత యంత్రాన్ని ఉంచి, చుట్ట స్థానంలో చుట్ట మానడాన్ని ఉంచితే, వాదన దిశ మారినా నిర్మాణం మారకపోవచ్చు. "విదేశీ శాస్త్రవేత్తలు కనిపెట్టారు" అన్నంతనే చాలుననుకుంటే మనం ఇంకా వెంకటేశం బల్ల మీదే కూర్చున్నట్లు లెక్క. ఎంతమందిలో ఎంతమందికి, ఎంతకాలం, దేనితో పోల్చి అని అడగడమే గిరీశానికి తగిన జవాబు.

ఆ ప్రశ్నలు ఈ చికిత్సకు హాని చేయవు. 2022లో 'అడిక్షన్' పత్రికలో వచ్చిన ఒక సమీక్ష ఇటువంటి 7 అధ్యయనాలను, మొత్తం 699 మందిని కలిపి చూసి, మూడు నుంచి ఆరు నెలల వరకు పొగకు దూరంగా ఉండడంలో ఈ పద్ధతులు మేలు చేస్తున్నాయని సూచించింది. 699 అన్నది ఆశకు చాలినంత సంఖ్య, నిశ్చయానికి చాలని సంఖ్య. తెలుగులో 'సూచించింది' అనే క్రియకూ 'నిరూపించింది' అనే క్రియకూ ఉన్న అంతరాన్ని పాటించడమే ఇక్కడ అనువాదకుని ధర్మం.

7. అడ్డపొగ – యంత్రం చేరని చోట:

పొగను గురించిన చర్చలో మన ఊహలోకి వచ్చే బొమ్మ సిగరెట్టు పట్టుకున్న పట్టణపు పురుషునిది. ఉత్తరాంధ్ర తీరగ్రామాల్లో చుట్ట నిప్పుకొనను నోటి లోపల పెట్టుకొని కాల్చే 'అడ్డపొగ' ఆచారం ముఖ్యంగా స్త్రీలది. 1971లో జె.జె. పిండ్‌బోర్గ్ తదితరులు 10,169 మంది గ్రామీణులను పరిశీలించి, ఈ ఆచారం వల్ల అంగిలిలో కలిగే వికారాలను వివరించారు. సిగరెట్టు పెట్టె మీది హెచ్చరిక ఈ స్త్రీల చుట్టను చేరదు. సాహిత్యంలోనూ గిరీశం చుట్టకు దొరికిన చోటు అడ్డపొగకు దొరకలేదు.

మెదడు ప్రేరణ చికిత్స వారిని చేరుతుందా? పరికరం ఖరీదైనది, మూడు వారాలు వరుసగా ప్రతిదినం చికిత్సాకేంద్రానికి రావాలి. రోజుకూలి మీద బతికే మనిషికి ఆ ప్రయాణమే పెద్ద ఖర్చు. 2016–17 నాటి జాతీయ సర్వే ప్రకారం దేశంలో వయోజనుల్లో 28.6 శాతం మంది ఏదో ఒక రూపంలో పొగాకును వాడుతున్నారు. పొగరూపంలో వాడేవారు 10.7 శాతం. ఇంతమందికి యంత్రాన్ని చేర్చడం సమీపకాలంలో జరిగేది కాదు.

అయితే ఇదే నేల మీద మరొక ప్రయత్నం జరిగింది. శ్రీకాకుళం, ఎర్నాకుళం, భావనగర్ జిల్లాల్లో 36,000 మంది పొగాకు వాడుకరులకు వారి భాషల్లో వ్యక్తిగత సలహాలు, ప్రచార కార్యక్రమాల ద్వారా పొగాకు ప్రమాదాన్ని వివరించిన అధ్యయన ఫలితాలు 1986లో 'లాన్సెట్'లో వచ్చాయి. సలహా పొందినవారిలో పొగాకు మానినవారు ఎక్కువగా కనిపించారు. అక్కడ పనిచేసిన సాధనం మాట. ఎదుట కూర్చుని, ఆ ఊరి మనిషి భాషలో, ఆమె అంగిలిని ఆమెకే చూపి చెప్పిన మాట. యంత్రమూ మాటా పరస్పర విరుద్ధాలు కావు. 18 విడతల చికిత్సలోనూ మాటకు చోటుందని చూశాం. యంత్రం చేరనిచోట మాత్రం మాటే ఏకైక చికిత్స. కనుక ఆ మాటను సరిగ్గా ఎంచుకోవడం భాషాభిమానపు ముచ్చట కాదు, ప్రజారోగ్యపు అవసరం.

8. ముగింపు:

పై చర్చ నుంచి తేలే అంశాలు:

1. తెలుగు వాడుక కోరికను దేహానుభూతిగా, మానడాన్ని సంకల్పకార్యంగా చెబుతుంది. ఈ అసమతౌల్యం వల్ల మానలేనివారిపై నింద భాషలోనే స్థిరపడింది.

2. కోరికను లేపేదానికి 'ఉద్దీపన', నికోటిన్ ప్రభావానికి 'ఉత్తేజం', చికిత్సకు 'ప్రేరణ' అని మూడు పదాలను విడివిడిగా స్థిరపరచుకోవాలి.

3. 'కోత లేని' అన్నది 'ప్రమాదం లేని' అన్నదానికి పర్యాయం కాదు.

4. సమ్మతిపత్రాల్లో, ఆరోగ్యవ్యాసాల్లో 'మాన్పిస్తుంది' అనే ప్రేరణార్థకానికి బదులు 'మానడానికి సాయపడవచ్చు' అనే సంభావనార్థకం వాడాలి. ఫలితాలను శాతాలతో పాటు, నూరుమందిలో ఎంతమంది మానారు, ఎంతమంది మానలేదు అని రెండు వైపులా చెప్పాలి.

5. సమ్మతిపత్రం అనువాదం ఒక వైద్యుడు, ఒక భాషాధ్యాపకుడు, పొగ మానడానికి ప్రయత్నించిన ఒక వ్యక్తి – ఈ ముగ్గురూ కలిసి చదివిన తరువాతనే వాడుకలోకి రావాలి.

ఈ వ్యాసరచయిత పై ముగ్గురిలో రెండవ స్థానానికే కాక మూడవ స్థానానికీ అర్హుడు. మూడుసార్లు మానుకొని, రెండుసార్లు తిరిగి మొదలుపెట్టినవాడు. అందువల్ల పెద్దాయన ప్రశ్నకు ఆ రోజు చెప్పిన జవాబునే ఇక్కడ పునరుక్తి చేయడం సముచితం: "కాదండీ, మీ తప్పు కాదు. నూటికి ఎనభై మందికి పనిచేయదని వాళ్లే రాశారు. పనిచేస్తే మంచిదే. చేయకపోతే ఇంకొక దారి వెతుకుదాం." దిద్దిన సమ్మతిపత్రంలో ఆ మాటల సారం ఒక వాక్యంగా చేరింది. పుండు మానకపోతే పుండునెవరూ తిట్టరు, మందు మారుస్తారు. ఆ మర్యాద పొగ మానలేనివారికీ దక్కాలి.